మామ చిన్న బండి చాలంటారు, నాయన ఎంతైనా మోస్తుందంటారు

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 33. ఒక వంట మాస్టర్ దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా క్యాటరింగ్ చేస్తున్నారు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, షష్టిపూర్తులు. ఆర్డర్లు చిత్తూరులోనే కాకుండా కాణిపాకం, తిరుపతి, పలమనేరు నుంచి కూడా వస్తున్నాయి. ముహూర్తాలున్న నెలల్లో నాలుగైదు వందల మంది తినే పెద్ద ఆర్డర్లు నెలకు అయిదు దాకా ఉంటాయట. మూఢంలో, ఆషాఢంలో ఒకటి దొరికితే గొప్ప. వందా నూటయాభై మందికి వండే చిన్న ఆర్డర్లు మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. బండి ఎప్పుడూ బాడుగదే. పికప్‌కు ట్రిప్పుకు 2,500 ఇస్తున్నారు. అది దొరకని రోజు మినీ వ్యాన్‌తో సరిపెట్టుకుంటున్నారు.

సొంత బండి కొనాలనుకున్నారు. ఈయనకు ఐటీ రిటర్నులు లేవు కాబట్టి లోను తన పేరున తీసుకుంటానని, డౌన్ పేమెంటుకు 2 లక్షలు ఇస్తానని మామగారు ముందుకొచ్చారు. షరతులు రెండు. 740 కేజీల లోడు అని చెప్పే మినీ వ్యానే కొనాలి. బాకీ తీరేదాకా ఆర్సీ తన పేరున ఉండాలి. దాని ఈఎంఐ నెలకు 12 వేలు. ఈయన మనసేమో టన్నున్నర పికప్ మీద ఉంది. దానికి 19 వేలు కట్టాలి. మినీ వ్యాన్ కొంటే దాని మీద రేకు డబ్బా కట్టించి, లోపల గిన్నెలకు ఇనుప గూళ్ళు పెట్టించాలని కూడా అనుకున్నారు. డబ్బా, గూళ్ళు కలిపి 180 కేజీలు ఉంటుందని వెల్డింగ్ షాపాయన చెప్పాడట.

నాయన చాలా ఏళ్ళు లారీ నడిపిన మనిషి. ‘రాసిందానికి రెండింతలు వేసినా మోస్తుంది. వెనక రెండు కమాను పట్టీలు ఎక్కువ వేయించు, అంతే’ అంటున్నారు. కమాను పట్టీలంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు. షోరూం కుర్రాడిదీ అదే పాట: ‘కాగితం మీదే సార్ 740, మా కస్టమర్లు టన్నున్నర తోలుతున్నారు.’

ఉత్తరంలో అసలు సంగతి చివరి పేజీలో ఉంది. పోయిన నెల పలమనేరులో పెళ్ళి ముగించుకుని రాత్రి బాడుగ మినీ వ్యాన్‌లో వస్తుంటే, మొగిలి ఘాటు దిగేటప్పుడు కాలిన వాసన వచ్చింది. బ్రేక్ పెడల్ కిందికంటా పోయింది. డ్రైవరు గేరు తగ్గించి, బండిని ఎలాగో పక్కకు తీసి ఆపాడు. వెనక గిన్నెల మధ్య ఏడుగురు కూర్చుని ఉన్నారు, అందులో నలుగురు ఆడవాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో చెప్పలేదు. ‘చెబితే ఈ పనే మానేయమంటారు. చెప్పకపోతే అదే బండి కొనిపిస్తారు. ఖాళీ గిన్నెలతో వస్తుంటేనే అలా అయిందే అని నిద్ర పట్టడం లేదు’ అని రాశారు. ఏ బండి కొనాలి, పెద్దవాళ్ళ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి, లైసెన్సుకు బ్యాడ్జి కావాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

తమ్ముడూ, మీ ఉత్తరంలో బండి గురించి మామగారి మాట ఉంది, నాయన మాట ఉంది, షోరూం మాట ఉంది. మీ సామాను బరువెంతో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పలేదు. ఎవరూ తూకం వేయని అంకె మీద మీ ఇంట్లో ఇంత టెన్షన్ నడుస్తోంది. కాబట్టి బండి సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఆ అంకె చూద్దాం.

ఏ సరుకు బండికైనా ఆర్సీలో రెండు బరువులు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, అన్‌లేడెన్ వెయిట్. రెండోది లోడుతో కలిపి రోడ్డు మీద ఉండదగిన మొత్తం బరువు, గ్రాస్ వెయిట్. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీరు వేయదగిన లోడు. బ్రోచర్‌లో పెద్దక్షరాలతో వేసేది కూడా ఇంచుమించు అదే. అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బండి బరువులో డ్రైవరు గానీ, పక్కన కూర్చునే మనిషి గానీ లెక్కలోకి రారు. అంటే వాళ్ళిద్దరూ మీ లోడులో భాగమే. 740లో ఇద్దరు మనుషులకు 130 తీసేయండి, 610 మిగిలింది. మీరు అనుకున్న డబ్బా, గూళ్ళు 180. మిగిలింది 430. మామగారు 740 కేజీల బండి కొనిస్తుంటే, మీరు వెల్డింగ్ షాపుకు వెళ్ళొచ్చేసరికి అది 430 కేజీల బండి అయి కూర్చుంటుంది. పైగా డబ్బా కట్టించడమంటే బండిని మార్చడమే. ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్నాక ఖాళీ బరువు పెరుగుతుందే తప్ప, గ్రాస్ వెయిట్ ఒక్క కేజీ కూడా పెరగదు.

సీఎన్‌జీ తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని కూడా ఎవరైనా అంటారు. తగ్గుతుంది, నిజమే. కానీ గ్యాస్ ట్యాంకు బరువు కూడా మీ లోడులోంచే పోతుంది. మారుతీ సూపర్ క్యారీకి కంపెనీ ఇచ్చే లోడు పెట్రోలులో 740 కేజీలు, సీఎన్‌జీలో 625. చూడ్డానికి రెండూ ఒకటే బండి.

ఇక మీ సామాను. మీరు పంపిన జాబితాకు, 500 మంది పెళ్ళికి, నాకు తెలిసిన బరువులు వేశాను. బియ్యం 26 కేజీల బస్తాలు మూడు: 78. కూరగాయలు 120. నూనె డబ్బాలు మూడు: 45. పప్పు, చక్కెర, మిగతా పచారీ: 50. పాలూ పెరుగూ నలభై లీటర్ల క్యాన్లు రెండు: 95. నిండు కమర్షియల్ సిలిండరు ఒకటి 36 దాకా ఉంటుంది, అయిదింటికి 180. పొయ్యిలు నాలుగు: 80. అండాలు, గంగాళాలు, బాణళ్ళు, మూతలు, గరిటెలు: 250. బఫే బల్లలు పది: 150. ప్లేట్లు, గ్లాసులు: 60. ఇక నీళ్ళు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి 21 కేజీలు, పాతిక క్యాన్లకు 525.

మొత్తం 1,633 కేజీలు. వెనక ఎక్కే ఏడుగురు 420, ముందు ఇద్దరు 130. అంతా కలిపితే 2,183. మీ వంటింటి గిన్నెలు నావాటికంటే బరువో తేలికో కావచ్చు, వందా రెండొందలు అటూ ఇటూ అవుతుంది. అయినా 740తో దీనికి పొంతన లేదు.

మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఉందే, ఖాళీ గిన్నెలతో వస్తుంటే ఎందుకలా అయిందని, దానికి జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. తిరుగు ప్రయాణంలో బియ్యం లేవు, కూరగాయలు లేవు, నీళ్ళు లేవు. ఖాళీ సిలిండర్లు 85, పొయ్యిలు 80, గిన్నెలు 250, బల్లలు 150, ప్లేట్లు 60, ఖాళీ క్యాన్లన్నీ కలిపి 40. ఇదంతా 665. దానికి వెనక ఏడుగురు, ముందు ఇద్దరు చేరితే 1,215. మీరు ఖాళీగా వస్తున్నామనుకున్న బండి ఆ రాత్రి మోయాల్సిన దానికంటే 475 కేజీలు ఎక్కువతో ఘాటు దిగింది. ఎక్కువైంది గిన్నెలు కాదు, మనుషులు, బల్లలు. ఆ ఏడుగురూ బస్సులో వచ్చి, బల్లలు అక్కడి టెంటు హౌస్‌వే వాడి ఉంటే, అదే బండి 645 కేజీలతో హద్దులోనే దిగేది.

పలమనేరు నుంచి చిత్తూరు వైపు వస్తే అంతా దిగుడే కదా. అదే వేగంలో ఉన్న బండిని ఆపాలంటే, బరువు రెండింతలైతే బ్రేకుల్లో పుట్టే వేడీ రెండింతలవుతుంది. మలుపు మలుపుకూ నొక్కుతూ వస్తే లైనర్లు కాలి వాసన వస్తుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మీ డ్రైవరు గేరు తగ్గించడమే మిమ్మల్నందరినీ కాపాడింది. ఏ గేరులో ఘాటు ఎక్కుతామో అదే గేరులో దిగాలని మీ నాయన తరం డ్రైవర్లందరికీ తెలుసు. మీ డ్రైవరుకూ ఎవరో నేర్పి ఉంటారు. ఈసారి కనబడితే ఆయనకో వంద ఎక్కువ ఇవ్వండి.

నాయన మాట దగ్గరికి వస్తాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు. బండి మోస్తుంది, లాగుతుంది కూడా. ఆయన జీవితమంతా చూసింది అదే. కానీ లాగడం వేరు, ఆపడం వేరు. కమాను పట్టీలు రెండు ఎక్కువ వేయిస్తే బండి వెనక కుంగకుండా నిలబడుతుంది. బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, యాక్సిల్ పాతదే, ఆర్సీలో అంకె పాతదే. కుంగితే కనీసం చూసేవాళ్ళకు ఓవర్‌లోడ్ అని తెలుస్తుంది, పట్టీలు ఆ హెచ్చరికను కూడా తీసేస్తాయి. టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది చూడండి. 88 అని ఉంటే ఆ టైరు 560 కేజీల వరకే మోయాలని అర్థం. నాయనను ఒకసారి టైరు దగ్గర కూర్చోబెట్టి అది చదవమనండి. మీరు చెప్పడం కంటే ఆయనంతట ఆయన చదువుకోవడం మేలు.

ఇంకో మాట. ఆయన నడిపిన కాలంలో ఓవర్‌లోడ్ పట్టుబడితే కట్టింది వేరు, ఇప్పుడు కట్టేది వేరు. 2019లో చట్టం సవరించాక, 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20 వేలు, దాని మీద ఎక్కువైన ఒక్కో టన్నుకు 2 వేలు. ఎక్కువ సరుకు దింపితే గానీ బండి కదలనివ్వరు. దింపుడు ఖర్చు కూడా మనదే. కాటా వేయించకుండా తప్పించుకుపోతే 40 వేలు. వెనకో పక్కలకో సామాను బయటికి పొడుచుకు వచ్చినా 20 వేలు. డబ్బు సంగతి సరే, పొద్దున ఆరింటికి ముహూర్తమని టిఫిన్ సామానుతో వెళ్తుంటే రోడ్డు మీద ఆపి దింపమంటే, పెళ్ళివారికి మీరు ఏం చెబుతారు?

ఇప్పుడు దారులు చూద్దాం. మీకు కనబడుతున్నవి రెండే. నాకు ఇంకో రెండు కూడా కనబడుతున్నాయి.

మామగారు చెప్పిన మినీ వ్యానే కొన్నారనుకోండి. నూటయాభై మంది ఆర్డరుకు రెండు సిలిండర్లు, రెండు పొయ్యిలు, చిన్న గిన్నెలు, బియ్యం, కూరగాయలు, ఒక పాల క్యాను, ప్లేట్లు కలిపి 440 కేజీలకు మించవు. డబ్బా కట్టించకుండా ఉంటే మీకు 610 దాకా వీలుంది, ఏడెనిమిది నీళ్ళ క్యాన్లు కూడా పడతాయి. చిత్తూరు పాత బజారు సందుల్లో తిప్పుకోవడం సులువు. గ్రాస్ వెయిట్ 3,000 కేజీలు దాటని సరుకు బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. పెద్ద ఆర్డర్లప్పుడు మాత్రం బాడుగ పికప్ తప్పదు. వానకు తడవకూడదంటే డబ్బాకు బదులు తేలికపాటి కమ్మీలు, పైన టార్పాలిన్ చాలు.

పికప్ కొంటే? టన్నున్నరలో ఇద్దరు మనుషులు పోగా 1,370. మీ పెద్ద ఆర్డరు 1,633. చూశారా, మీరు ఆశపడుతున్న బండి కూడా చాలలేదు. అదనంగా ఉన్నదల్లా నీళ్ళే. నీళ్ళు తీసేస్తే 1,108, సునాయాసంగా పడుతుంది. క్యాటరింగ్ వాళ్ళందరూ పొరపడేది ఇక్కడే. క్యాన్లు పాతిక పేర్చినా బండి సగం ఖాళీగానే కనబడుతుంది, ఇంకా వేయొచ్చు కదా అనిపిస్తుంది. విస్తరాకుల కట్టలతో బండి నిండిపోయినా బరువుండదు. మీ పనికి బండి తొట్టి ఎంత నిండిందన్నది కొలత కాదు. ఏ ఊళ్ళో పెళ్ళయితే ఆ ఊరి వాటర్ ప్లాంటుకు ముందురోజే ఫోన్ చేసి మండపానికే క్యాన్లు వేయించుకోండి. చిత్తూరు నుంచి పలమనేరుకు అర టన్ను నీళ్ళు ఘాటు ఎక్కించి తీసుకుపోవడంలో అర్థం లేదు. పికప్‌ల్లో కొన్నింటికి గ్రాస్ వెయిట్ 3,000 లోపు ఉంటుంది, కొన్నింటికి దాటుతుంది. దాటితే పర్మిట్ కావాలి. బుక్ చేసే ముందు మోడల్ పేరు కాకుండా ఈ అంకె అడగండి.

డబ్బు లెక్క వేస్తే నాకు నవ్వొచ్చింది. రెండు ఈఎంఐలకు తేడా నెలకు 7 వేలు, ఏడాదికి 84 వేలు. మీరు రాసిన ప్రకారం ముహూర్తాలు ఆరు నెలలనుకుంటే పెద్ద ఆర్డర్లు ముప్పై, మిగతా ఆరు నెలల్లో ఆరు. ముప్పై ఆరు ట్రిప్పులకు 2,500 చొప్పున బాడుగ 90 వేలు. కాటాలో పెట్టినట్టు రెండూ సమానంగా తూగాయి. మామగారు ఈఎంఐ చూసి చిన్నదన్నారు, మీరు బాడుగ చూసి పెద్దదన్నారు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే మూఢాల్లో బాడుగ బండి ఇంటికి రాదు, ఈఎంఐ మాత్రం ఐదో తారీఖుకు ఠంచనుగా వస్తుంది. పికప్‌కు డౌన్ పేమెంటూ, ఇన్సూరెన్సూ, టైర్లూ కూడా ఎక్కువే. మరోవైపు, మంచి ముహూర్తం రోజున చిత్తూరులో బాడుగ పికప్ దొరకదు. ఆ రోజు ఏ బండి దొరికితే అది ఎక్కేస్తారు, పోయిన నెల మీరు చేసింది అదే. ఆర్డర్లు పెరుగుతాయని మీకు నమ్మకముంటే పికప్ వైపు మొగ్గండి, లేదంటే చిన్నది.

మూడోది, మీరు ఆలోచించని దారి. బొలేరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ బండ్లలో అయిదుగురు కూర్చోవచ్చు, వెనక టన్ను అటూ ఇటూ లోడు వేయవచ్చు. మీ ఆడవాళ్ళు నలుగురూ సీట్లో కూర్చుని వస్తారు. సీట్లు పెరిగితే తొట్టి చిన్నదవుతుంది కాబట్టి పెద్ద ఆర్డరుకు బల్లలు, నీళ్ళు బయట చూసుకోవాల్సిందే. రాత్రిళ్ళు దూరం నుంచి మనుషులతో తిరిగొచ్చే ఆర్డర్లు ఎక్కువైతే మాత్రం దీన్ని షోరూంలో ఒకసారి చూసి రండి. ఆర్సీలో వచ్చే రెండు అంకెలూ అడిగి, అయిదుగురి బరువూ తీసేసి లెక్క కట్టుకోండి.

నాలుగోది, ఏమీ కొనకపోవడం. ఒక్క సీజన్ బాడుగ బండ్లతోనే చేసి, ప్రతి ఆర్డరుకూ బరువు రాసి పెట్టుకోండి. ఈలోగా ఐటీ రిటర్ను వేయడం మొదలుపెట్టండి, చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. చిన్న వ్యాపారులకిచ్చే ముద్రా లోను, మొదటిసారి తీసుకునేవాళ్ళకు తనఖా లేకుండా 10 లక్షల వరకు ఇస్తారు. కాగితాలు చేతిలో ఉంటే వచ్చే ఏడాది మీ పేరున మీరే అడగవచ్చు. ఇందులో నష్టం ఏమిటంటే ఏడాది ఆలస్యం, మామగారి ఉత్సాహం చల్లబడడం. డబ్బు ఇస్తానన్న మనిషి రెండోసారి ఇస్తాననకపోవచ్చు. అది మీ మామగారి సంగతి, నాకంటే మీకే బాగా తెలుసు.

నా మొగ్గు అడిగితే, చిన్న బండీ, పెద్ద ఆర్డర్లకు బాడుగ బండీ. ఒక్క ఏడాది అలా నడిపి చూడవచ్చు. కానీ అందుకు రెండు మాటలు ఇంట్లో ముందే ఒప్పించుకోవాలి: వెనక మనుషులు ఎక్కరు, పట్టీలు వేయించరు. ‘ఏడుగురికీ బస్సు చార్జీ దేనికి, వెనక చోటుందిగా’ అనే మాట మొదటి ఆర్డరుకే వస్తుంది. అప్పుడు మీరు నిలబడలేననుకుంటే పికప్ కూడా కొనకండి. పెద్ద తొట్టిలో ఏడుగురు కాదు, పదిమంది ఎక్కుతారు.

ఈ మనుషుల సంగతి ఆర్సీ ఎవరి పేరున ఉండాలన్న దానితో ముడిపడి ఉంది. సరుకు బండి వెనక కూర్చుని వెళ్ళేవాళ్ళకు మామూలుగా ఇన్సూరెన్స్ వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. సరుకు సొంతదారుకు, ఆయన తరఫు మనిషికి, బండి యజమాని దగ్గర పనిచేసే కూలీలకు చట్టంలో కొంత వెసులుబాటు ఉంది గానీ, అదీ సీట్ల లెక్కను బట్టి, కట్టిన ప్రీమియాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ మీకో మెలిక. ఆ ఏడుగురూ మీ దగ్గర పనిచేస్తారు, బండి మామగారిది. రేపు ఏదైనా జరిగితే వాళ్ళు ఆయన కూలీలు కారని కంపెనీ వాదిస్తుంది. కంపెనీ తప్పుకుంటే పరిహారం ఆర్సీలో పేరున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది. ఓవర్‌లోడ్ చలానాలు కూడా ఆ పేరు మీదే పడతాయి. డబ్బుకు భద్రత అనుకుని మామగారు పెట్టిన షరతు ఇది. నిజానికి మీరు చేసే ప్రతి ట్రిప్పుకూ ఆయన ఇల్లూ వాకిలీ పూచీ అవుతుంది. ఈ మాట ఆయనకు తెలిసి ఉండదు. లోను ఆయన పేరున ఉన్నంతకాలం ఆర్సీ కూడా ఆయనదే అవుతుంది, తప్పదు. అలాంటప్పుడు ఇన్సూరెన్స్ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్ళి, బండి ఎవరి వ్యాపారానికి తిరుగుతుంది, పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది చెప్పి, దానికి తగ్గ పాలసీ తీసుకోండి. ఆయనిచ్చే 2 లక్షలకు విడిగా ఒక నోటు రాసిస్తే, రేపు బాకీ తీరాక బండి మీ పేరున మార్చుకునేటప్పుడు మాటలు రావు.

మొగిలి ఘాటు సంగతి చెప్పాలా వద్దా అని అడగలేదు గానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. చెప్పకుండా ‘పెద్ద బండి కావాలి’ అంటే మామగారికి అది మీ డాబులా వినిపిస్తుంది. నాయనకు ఆయన అనుభవాన్ని తీసిపారేసినట్టుంటుంది. అలాగని భోజనాల దగ్గర అందరి ముందూ ఒక్కసారిగా చెబితే ఇల్లంతా గోల. ముందు మీ ఆవిడకు చెప్పండి. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య మాటలు మోస్తున్నది ఆమే. అసలు సంగతి తెలియకుండా ఆమె ఎవరి పక్షాన మాట్లాడాలి? తర్వాత నాయనకు. బ్రేకు పెడల్ కిందికి పోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ‘నాయనా, నువ్వయితే ఏం చేసుండేవాడివి’ అని అడగండి. లారీ నడిపిన మనిషిని అలా అడిగితే కమాను పట్టీల మాట ఆయనే మానేస్తారు. మామగారి దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్ళండి. అల్లుడు చెబితే పేచీ అనిపించేది, వియ్యంకుడు చెబితే సలహా అవుతుంది.

వాళ్ళు నమ్మకపోతే వాదన వద్దు. వచ్చే ఆర్డరుకు బాడుగ బండి నింపాక, బయల్దేరే ముందు మీ దారిలో ఉన్న వేబ్రిడ్జి మీద ఎక్కించండి. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు. నాయననూ పక్కన ఎక్కించుకోండి. చీటీ తీసుకుని, బండి ఆర్సీలో గ్రాస్ వెయిట్ పక్కన పెట్టి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి వేయించండి, ఈ రెండో చీటీయే ముఖ్యం. అప్పుడు నా లెక్కలో తప్పులుంటే అవీ బయటపడతాయి.

సెకండ్ హ్యాండ్ మాట ఎవరైనా ఎత్తితే, ముందు బండి వెనక్కి వెళ్ళి కమానులు లెక్కపెట్టండి. అదే మోడల్ కొత్త బండికి ఉన్న వాటికంటే పట్టీలు ఎక్కువున్నా, ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చలున్నా, వెనక టైర్లు ముందువాటికంటే మరీ అరిగిపోయి ఉన్నా, ఆ బండి ఏళ్ళ తరబడి ఓవర్‌లోడ్ మోసిందని అనుకోవాలి. ధర తక్కువని ఆశపడొద్దు.

లైసెన్సు విషయం సులువు. మీకు ఎల్ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు ఉందన్నారు. గ్రాస్ వెయిట్ 7,500 కేజీలు దాటని సరుకు బండిని ఆ లైసెన్సుతోనే నడపవచ్చని, విడిగా ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంటు, అంటే మీరడిగిన బ్యాడ్జి, అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. మీరు చూస్తున్న బండ్లన్నీ దానికి లోపలే. కొత్త బండికి ఫిట్‌నెస్ రెండేళ్ళ వరకు ఉంటుంది, తర్వాత మర్చిపోకుండా రెన్యూవల్ చేయించుకోవాలి. సిలిండర్లు ఎప్పుడూ నిలువుగా, క్యాబిన్ వైపు, తాళ్ళతో కట్టి పెట్టండి. బియ్యం బస్తాలు వాటికి ఆనించండి. తేలిక సామాను వెనక్కి. బరువంతా వెనక చివర పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు, ఘాట్లో అది ఇంకా ప్రమాదం.

కాటా చీటీలు వచ్చాక ఆ అంకెలతో మళ్ళీ రాయండి. అప్పుడు ఏ మోడల్ అన్నది చూద్దాం.